పుస్తకము చూచి పాడు యంత్రము



వరంగల్లు నుండి హైదరాబాదునకు బస్సులో ఎన్నడైనను ప్రయాణము చేసియుంటిరా? చేసియుండినయెడల నగరము ఆరంభమగు చోట ఉప్పల్ కూడలి వచ్చునని మీకు తెలియును. పనికై పల్లెలు విడిచిన మన పిల్లలు అనేకులు అక్కడనే బస్సు దిగుదురు. కొందరు మెట్రో రైలెక్కి పట్టణము నడుమకు పోవుదురు. కొందరు ప్రక్కనున్న నాచారములోని కర్మాగారములకు పోవుదురు. వారు తమ గ్రామమునుండి మూటలో బట్టలతో పాటు పాటల పుస్తకమును కూడ తెచ్చుకొందురు. ఆ పుస్తకమును గూర్చియే నేడు మీతో కొన్ని మాటలు చెప్పదలచితిని.

ఇటీవల ఒక శనివారము సాయంకాలము నాచారములో ఒక చిన్న సంఘమువారు మరునాటి ఆరాధనకు పాటలు సాధన చేయుచుండగా నేను వెళ్లి కూర్చుంటిని. పదిమంది యుండిరి. వారి ముందు ఒక పాత ఇంగ్లీషు రాగముల పుస్తకము తెరచియుండెను. పుటనిండ అయిదేసి గీతలు, ఆ గీతలమీద నల్లని చుక్కలు. పైవరుస స్త్రీలు పాడునది, క్రిందివరుస పురుషులు పాడునది. నాలుగు గొంతులకు నాలుగు వరుసలు. అది చదువనెరిగిన ఉపాధ్యాయుడు ఊరు మారి పోయి మూడేండ్లయినదట. తక్కినవారికి ఆ పుట గోడమీది చీమల బారు వలెనే యుండెను.

అప్పుడు కర్మాగారములో పనిచేయు ఒక యువకుడు తన మొబైల్ ఫోను తీసి ఆ పుటకు ఫొటో తీసెను. కొన్ని క్షణములు ఆగి, ఫోనుమీద వ్రేలు వేసెను. ఫోను ఆ రాగమును వినిపించెను! తరువాత క్రింది వరుసను మాత్రమే వినిపించెను. తరువాత దానినే మెల్లగా, నేర్చుకొను పిల్లవానికి చెప్పినట్టు, మరల మరల వినిపించెను. ఆ సాయంకాలము ముగియక మునుపే పురుషులు తమ వరుసను పట్టుకొనిరి. ఇట్టి పనిచేయు యాప్‌లు ఇప్పుడు అనేకములు కలవు. ప్లేస్కోర్ 2 అనునది ఒకటి, షీట్ మ్యూజిక్ స్కానర్ అనునది మరియొకటి. ఆ యువకుని ఫోనులో ఉన్నది ఏదో నేను అడుగలేదు.

ఆ దినమున యంత్రము ఒక తప్పు కూడ చేసెను. రెండవ పాటకు ఫొటో తీయునప్పుడు వాని బొటనవ్రేలి నీడ పుట ఎడమ అంచుమీద పడెను. అక్కడ గీతల మొదట ఒక చిన్న గుర్తు ఉండును. ఇంగ్లీషువారు దానిని ఫ్లాట్ అందురు. ఫలాని స్వరము ఎక్కడ వచ్చినను ఒక మెట్టు తగ్గించి పాడవలెనని దాని భావము. నీడలో ఆ గుర్తు యంత్రమునకు కనబడలేదు. అందుచేత ఆ స్వరము వచ్చిన చోటనెల్ల ఫోను నిస్సంకోచముగా అపస్వరము పలికెను. బెంచీ చివర కూర్చున్న ఒక తల్లి, ఒక్క చుక్కయైనను చదువనేరనిది, "ఆగుండ్రి, గది తప్పు" అనెను. ఆమె చెవి చెప్పినదే నిజమాయెను.

అటుతరువాత జరిగిన సంగతియే నన్ను ఈ వ్యాసము వ్రాయుటకు పురికొల్పినది. కుమారుని చూచుటకు పల్లెనుండి వచ్చిన ఒక వృద్ధుడు మూలను కూర్చుండి యిదంతయు చూచుచుండెను. ఆయన తన సంచిలోనుండి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తీసెను. అట్టలు ఊడి, దారముతో కుట్టబడిన పుస్తకము. "బిడ్డా, గీ పుస్తకం గూడ జూపియ్యి. గీ పాట మా తండ్రి పాడుతుండె. ఎట్ల పాడుతదో ఇందాం" అనెను. యువకుడు నవ్వి, "తాతా, అది రాదే" అనుచునే ఫొటో తీసెను. ఫోను పలుకలేదు. ఈ పుటలో సంగీతము కనబడలేదని తెరమీద వ్రాత వచ్చెను. వృద్ధుడు కొంతసేపు ఆలోచించి, "అంటే దీనికి మన సదువు రాదన్నట్టు" అనెను.

అందరు నవ్విరి. నేనును నవ్వితిని. గాని ఇంటికి పోవు త్రోవలో ఆ మాట నన్ను విడువలేదు. ఒక పాటల పుస్తకము పలికెను, ఒకటి పలుకలేదు. ఎందుచేత? చదువరీ, దీనికి జవాబు వెదకుటకు మనము వేయి సంవత్సరములు వెనుకకు పోవలెను.

ఇటలీ దేశములో అరెజ్జో అను పట్టణము కలదు. పదునొకండవ శతాబ్దపు ఆరంభమున గైడో అను సన్యాసి అక్కడ బాలురకు పాట నేర్పుచుండెను. అంతకుముందు ఆయన పొంపోసా మఠములో ఉండెను గాని, ఆయన నేర్పు విధానము చూచి అసూయపడిన తోటివారివలన అక్కడ నిలువలేకపోయెను. (మంచి పాటగానికి మొదటి శత్రువులు తోటి పాటగాండ్రే అని నేను అనను, మీరే ఎరుగుదురు.) ఆ కాలమున ఆరాధన పాటలన్నియు నోటితో చెప్పగా చెవితో విని నేర్చుకొనవలసియుండెను. పుస్తకములలో మాటలమీద కొన్ని కొక్కెముల వంటి గుర్తులు ఉండెడివి గాని, అవి రాగము ముందే తెలిసినవానికి జ్ఞాపకము చేయునే గాని, తెలియనివానికి నేర్పజాలవు. పదేండ్లు సాధన చేసినను గురువు లేక ఒక్క కొత్త పాటయైనను పాడలేకున్నారని గైడో వాపోయెను.

ఆయన చేసిన పని వినుటకు అతి స్వల్పము. గీతలు గీసెను. ప్రతి స్వరమునకు గీతమీదనో, గీతల నడుమనో ఒక స్థానము నియమించెను. ఒక గీతకు ఎరుపు, ఒక గీతకు పసుపు రంగు వేసి గుర్తు పెట్టెను. చుక్క పైకి పోయిన గొంతు పైకి పోవలెను, క్రిందికి దిగిన గొంతు దిగవలెను. బాప్తిస్మమిచ్చు యోహానును గూర్చిన ఒక లాటిను కీర్తనలో ఒక్కొక్క పాదము ఒక్కొక్క మెట్టు పైన మొదలగుట గమనించి, ఆ పాదముల మొదటి అక్షరములనే స్వరములకు పేర్లుగా పెట్టెను. మనకు స, రి, గ, మ ఉన్నట్లు వారికి ఉత్, రే, మి, ఫా అనునవి అట్లు కలిగినవి. ఒక ఏడాదిలో, మిక్కిలి యైన రెండేండ్లలో, బాలుడు మంచి పాటగాడగునని ఆయన చెప్పెను.

ఈ వార్త రోమునకు చేరగా పోపు పందొమ్మిదవ యోహాను ఆయనను పిలిపించెను. ఆ పోపు గైడో పుస్తకమును అటునిటు త్రిప్పి చూచి, నియమములు అడిగి తెలిసికొని, తానెన్నడును వినని ఒక పాదమును తానే చూచి పాడువరకు ఆసనము విడువలేదట. ఈ సంగతి గైడోయే ఒక స్నేహితునికి వ్రాసిన ఉత్తరములో కలదు. ఒకడు తన జీవితములో వినని పాటను కాగితము చూచి పాడుట! నాచారములో ఫోను చేసినది ఆ దినమున పోపు చేసిన పనియే. నడుమ వేయి సంవత్సరములు గడచినవి, అంతే.

ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ యొకటి కలదు. అక్కడ దేశపటములు గీయు విద్య నేర్పుదురు. ఎన్నడును త్రొక్కని కొండను పటముమీది గీతలు చూచి, ఇక్కడ ఎక్కుడు నిటారుగా ఉండును, ఇక్కడ నేల చదునుగా ఉండునని వారు చెప్పగలరు. గీతలు దగ్గరగా నున్న ఎక్కుడు కష్టము, దూరముగా నున్న సుళువు. గైడో చేసినది పాటకు పటము గీయుటయే యని నాకు తోచుచున్నది.

పటము కుదిరిన తరువాత దానిని అచ్చువేయుట కలిగెను. 1501లో వెనిస్ నగరమున పెట్రుచ్చి అనునతడు అనేక గొంతుల పాటలను అచ్చువేసెను. ఒకే కాగితమును మూడుమార్లు యంత్రములో పెట్టెనని చెప్పుదురు: గీతలకు ఒకమారు, చుక్కలకు ఒకమారు, మాటలకు ఒకమారు. వెంట్రుకవాసి తప్పినను రాగము చెడును. అచ్చుకూటములో పని ఎరిగినవారికి ఆ ఓపిక ఎంతటిదో తెలియును.

ఇంగ్లాండులో 1841వ సంవత్సరమున హల్ పట్టణములో ఆదివారపు బడి ఉపాధ్యాయుల సభ యొకటి జరిగెను. బీద పిల్లలకు పాట నేర్పుటకు సులభమైన దారి వెదకుమని వారు జాన్ కర్వెన్ అను యువ బోధకుని కోరిరి. ఆయన సంగీత విద్వాంసుడు కాడు. నార్విచ్ పట్టణములో సారా గ్లోవర్ అను ఉపాధ్యాయురాలు బడిపిల్లలకు అక్షరములతో పాట నేర్పుచుండుట ఆయన కనుగొనెను. ఆమె పద్ధతిని సవరించి టోనిక్ సోల్-ఫా అను పేర వ్యాపింపజేసెను. దీనికి గీతలు అక్కరలేదు. మామూలు అచ్చు అక్షరములు చాలును. అందుచేత మిషనెరీలు దానిని లోకమంతట తీసికొనిపోయిరి. మన దేశపు ఈశాన్య కొండలలో మిజో, ఖాసీ సంఘములవారు నేటికిని ఈ అక్షరములు చూచి నాలుగు గొంతులతో పాడుచున్నారు.

ఇక యంత్రము సంగతి. కాగితముమీది సంగీతమును కంప్యూటరుచేత చదివించవలెనను యత్నము అమెరికాలో ఎం.ఐ.టి. అను విద్యాసంస్థలో డెనిస్ ప్రుస్లిన్ అను పరిశోధకుని సిద్ధాంత వ్యాసముతో 1966లో మొదలాయెను. 1980వ దశకమున జపానులోని వాసెడా విశ్వవిద్యాలయమువారు చేసిన వాబోట్-2 అను యంత్ర మానవుడు కెమెరా కంటితో షీట్ మ్యూజిక్ చూచుచు, చేతులతోను కాళ్లతోను ఆర్గన్ వాయించెను.  ఆనాడు మనుష్యుడంత యంత్రము చేసిన పని నేడు చొక్కా జేబులో ఇమిడియున్నది.

యంత్రము ఎట్లు చదువునో క్లుప్తముగా చెప్పెదను. ఫొటో వంకరగా నున్న మొదట దానిని సరిచేయును. పుటలో అడ్డముగా పొడుగునా నలుపు కనబడు వరుసలను వెదకి అయిదు గీతలను పట్టుకొనును. తరువాత చుక్కలు, వాటి తోకలు, మొదటనుండు గుర్తులు వేరు చేయును. చుక్క ఏ గీతమీద నున్నదో చూచి స్వరము తెలిసికొనును; చుక్క నిండుగా నున్నదో బోలుగా నున్నదో, తోక ఎట్లున్నదో చూచి ఎంతసేపు పలుకవలెనో తెలిసికొనును. కష్టమంతయు చిన్న వాటితోనే. స్వరమునకు ప్రక్కన చిన్న బిందువున్న దానిని సగమంత సాగదీయవలెను. అదే బిందువు స్వరముమీద నున్న దానిని తుంచి పలుకవలెను. ఈగ వ్రాలి పోయిన మచ్చ యున్నయెడల? పాపము, యంత్రము ఏమి చేయును! కాబట్టి మంచి వెలుతురులో, పుట చదునుగా పరచి, నీడ పడకుండ ఫొటో తీయవలెను.

ఇప్పుడు మన వృద్ధుని పుస్తకమునకు వత్తము. దానిని తెరచి చూడుడి. పాట తలమీద ఏమున్నది? రాగము పేరు, తాళము పేరు. కొన్ని పాటల తలమీద "ఛాయ" అను మాటయు, దాని ప్రక్కన మరియొక పాట మొదటి మాటలును ఉండును. ఈ పాటను ఆ పాట వరుసలో పాడుకొనుడని అర్థము. అంతే. స్వరములు లేవు. పురుషోత్తమ చౌదరిగారు 1803లో జన్మించి 1890లో మరణించిరి. ఆయనయు ఆ తరమువారును కీర్తనలు కట్టినప్పుడు, ఫలాని రాగమన్న వెంటనే ఎత్తుకొనగల చెవులు చుట్టును ఉండెను. మోహన, ఆది తాళము అని రెండు మాటలు వ్రాసిన చాలును. తక్కినది వినువారియొద్దనే యుండెను. అది లోపము కాదు, నమ్మకము. సగము పాట కాగితముమీద ఉంచి, సగము మనుష్యులయొద్ద ఉంచిరి.

ఆ మనుష్యులు గతించిన కొలది ఆ సగము తరిగిపోవుచున్నది. ఛాయ అని వ్రాసిన పాటల సంగతి మరింత కష్టము. ఏ పాట నీడ అని చెప్పబడినదో ఆ మూలపు పాటయే నేడెవరికిని రానప్పుడు, చెట్టు పోయిన తరువాత నీడనెట్లు వెదకుదుము? ఒకే కీర్తనను ఒక ఊరిలో ఒక వరుసను, పది మైళ్ల దూరమున మరియొక వరుసను పాడుట మీరు వినియే యుందురు. సినిమా పాట వరుసలో పాడుటయు వినియుందురు. దానిని నేను దూషింపను. దక్షిణ దేశమున ముత్తుస్వామి దీక్షితులవంటి మహావిద్వాంసుడు ఇంగ్లీషు బ్యాండు వాద్యముల వరుసలు విని, వాటికి సంస్కృతపు మాటలు కట్టెను. నొట్టుస్వరములని వాటికి పేరు. గాని ఆయన తన సొంత రాగములను మరువలేదు.

మన సంగీతమును కాగితముమీద పెట్టవలెనని తలచినవారు లేకపోలేదు. వారిలో ఒకరు మన క్రైస్తవుడే యని తెలిసినప్పుడు నేను ఆశ్చర్యపడితిని. మద్రాసులో చిన్నస్వామి మొదలియారు అను రోమన్ కతోలిక విద్యావంతుడుండెను. త్యాగరాజు మొదలగువారి కృతులను పాశ్చాత్యుల అయిదు గీతలమీద వ్రాసి 1893లో అచ్చువేయనారంభించెను. ఈ కృతులు పాడువారితోనే నశించునను భయము ఆయనను పట్టి పీడించెను. ఆయన ప్రోత్సాహముచేత కదలినవారిలో ఎట్టయపురపు ఆస్థాన విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు ఒకరు. ఈయన పైన చెప్పిన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలస్వామి దీక్షితులకు దత్తపుత్రుడు. 1904లో ఈయన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అను మహాగ్రంథమును వెలువరించెను.

చదువరీ, ఆ గ్రంథము ఏ లిపిలో అచ్చయినదనుకొంటిరి? ఎట్టయపురము అరవ దేశపు నడిబొడ్డున ఉన్నది. గ్రంథము మాత్రము తెలుగులో అచ్చయినది! మన స, రి, గ, మలు తెలుగు అక్షరములలో వరుసగా వ్రాసి, గొంతు ఎక్కడ ఊగవలెనో, ఎక్కడ జారవలెనో, ఎక్కడ నొక్కవలెనో ఆ గమకములకు వేరు వేరు గుర్తులు ఏర్పరచి అచ్చొత్తించిరి. వృద్ధుడు "మన సదువు" అన్నది ఇదియే. అది లేకపోలేదు. మన పాటల పుస్తకములవరకు రాలేదు, అంతే.

గమకములు అంత ముఖ్యమా యని అడుగుదురేమో. శంకరాభరణ రాగపు ఏడు స్వరములును ఇంగ్లీషువారి మేజర్ స్కేలు ఏడు స్వరములును ఒకటే. హార్మోనియము మీద రెండును అవే మెట్లు. అయినను మన అవ్వ శంకరాభరణములో పాడిన కీర్తనను ఆ చుక్కలుగా మాత్రమే వ్రాసి ఫోనుకు చూపిన, ఫోను దానిని ఎముకలు లెక్కపెట్టినట్లు పలుకును. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు పోవు త్రోవలో గొంతు చేయు పనిని ఈ యాప్‌లు చదువజాలవు. తెలుగు అక్షరములలో వ్రాసిన స, రి, గ, మలను కూడ అవి సాధారణముగా ఎరుగవు. అయిదు గీతలే వాటి బడి. ఎముకలైనను దక్కుట మేలే. శరీరము పోయిన తరువాత అవియు దొరకవు గదా.

అదే ఫోనులో మరియొక సాధనము ఉన్నది. విన్నదానిని దాచుకొనునది. దానికి చదువక్కరలేదు, గీతలక్కరలేదు. మీ సంఘములో పాత వరుసలెరిగిన పెద్దలుండినయెడల, వారు నెమ్మదిగా ఉన్న వేళ, ఫానులు ఆర్పి, దగ్గర కూర్చుండి పాడించుకొనుడి. మొదట తాళము వేయుచు ఒకమారు, తరువాత తాళము లేక మెల్లగా ఒకమారు. పాట పేరు, పుస్తకములోని సంఖ్య, పాడువారి ఊరు, ఎవరియొద్ద నేర్చుకొనిరో ఆ మాట మొదటనే వారి నోటనే చెప్పించుడి. ఒక్క ఫోనులో ఉంచకుడి. ఫోను బావిలో పడును. మరి ఇద్దరికి పంపుడి. ఆ తరువాత స్వరములెరిగినవారెవరైనను దానిని విని తెలుగు అక్షరములలో వ్రాయుదురు. అయిదు గీతలు ఎరిగినవారు ఆ గీతలమీదను వ్రాయవచ్చును. అట్లు వ్రాసినదానిని ఫోనుకు చూపిన, అప్పుడు అది పలుకును.

మరుసటి శనివారము నేను మరల నాచారము పోతిని. వృద్ధుడు ఇంకను కొడుకు ఇంటనే యుండెను. యువకుడు ఆయన ఎదుట ఫోను పెట్టి పాట పాడించెను. ఆయన గొంతు వణకెను గాని తాళము తప్పలేదు. అపస్వరము పట్టిన ఆ తల్లి ప్రక్కన కూర్చుండి తొడమీద తాళము వేసెను. చిన్నతనమున వయొలిన్ నేర్చిన ఒక కళాశాల విద్యార్థిని నోటు పుస్తకములో స్వరములు వ్రాయనారంభించెను. పల్లవి కుదిరినది. మొదటి చరణము కుదిరినది. రెండవ చరణములో ఒక చోట గొంతు 'ని'ని తాకి దిగునా, తాకకయే 'ద'మీద ఊగి దిగునా అని వాదము పుట్టెను. ఫోనులో దాచినది నాలుగుమార్లు వినిరి. ఆ పిల్ల తాకుననెను, తల్లి తాకదనెను. వృద్ధుని అడుగగా, "మా తండ్రి అట్ల గూడ పాడుతుండె, ఇట్ల గూడ పాడుతుండె" అనెను. ఆ పిల్ల పెన్సిలుతో రెండును వ్రాసి, ఒకదానిక్రింద ఒకటి ఉంచెను.